ఇనుము ఆగిన చోటు

నేను పుట్టింది కళింగపట్నంలో, సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఇంట్లో. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినప్పుడు మెటలర్జీ అన్న మాటకి మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. "ఇనుము సదువు" అనేవారు. ఆ ఇనుము చదువే నన్ను గరివిడి పక్కన ఒక చిన్న ఫౌండ్రీకి చేర్చింది. ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే చోటు అది. రైసుమిల్లు చక్రాలు, పంపుల భాగాలు, రోడ్డు మీద కాలవలకు వేసే మూతలు పోసేవాళ్ళం. కరిగిన ఇనుములో ఏది ఎంత ఉందో చూడటం, వేడి చూడటం, పోత చెడితే ఎందుకు చెడిందో చెప్పడం నా పని.

చేరిన కొత్తలో మొదటిసారి పోత చూసిన రోజు బాగా గుర్తుంది. కొలిమిని వంచి లాడిల్లోకి ఇనుము దించారు. లాడిల్ అంటే లోపల మట్టి పూత వేసిన ఉక్కు బాల్చీ. దానికి రెండు పక్కలా పొడుగాటి కాడలుంటాయి, ఇద్దరు మోస్తారు. కరిగిన ఇనుము నీళ్ళంత పలచగా ఉంటుందని పుస్తకంలో చదివాను. అయినా అంత బరువైన వస్తువు బెల్లం పాకంలా బద్ధకంగా సాగుతూ వస్తుందనే మనసు ఎదురుచూసింది. అదేమో చెంబులోంచి ఒంపిన నీళ్ళలా గలగలా జారి, అచ్చు నోట్లో పడి మాయమైపోయింది.

పోసినాయన మా పోత మేస్త్రి. ఫౌండ్రీలో అందరూ ఆయన్ని మావా అని పిలిచేవారు. పక్క పల్లెలో వరీ నువ్వులూ పండించుకునే ఇల్లు ఆయనది. పొద్దున్నే మడికి నీళ్ళు కట్టి, తలపాగా చుట్టుకుని పనిలోకి వచ్చేవాడు.

నన్ను చూసి నవ్వాడు. "ఏటే గుంటా, అలగ నోరు తెరిసీసినావు?"

"ఇంత పల్సగా ఉంటాదనుకోనేదు మావా."

"పల్సగానే ఉంటాది. కానీ నీళ్ళకి టైముంటాది, దీనికి ఉండదు. దారిలోనే సల్లారిపోతాది. గడ్డకట్టే లోపల అచ్చు సివరికంటా ఎల్లిపోవాల. మన పనంతా అదే."

ఆయన పోసే తీరు చూడముచ్చటగా ఉండేది. లాడిల్ మూతిని అచ్చు నోటికి దగ్గరగా తెచ్చి, ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, మణికట్టు తిప్పేవాడు. ధార మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా ఒకే లావున పడేది. తెగేది కాదు, ఒలికేది కాదు. అచ్చు నిండిందని పక్కన వదిలిన బెజ్జంలోంచి ఇనుము పైకి తొంగిచూడగానే చెయ్యి వెనక్కి తిరిగేది. ఆయన పోసిన వస్తువు గురించి నన్నెవరూ సంజాయిషీ అడిగేవారు కాదు.

కొన్నేళ్ళు అలా గడిచాయి. ఈలోగా తీరం వెంబడి రొయ్యల చెరువులు పెరిగాయి. ఆ చెరువుల పంపుల్లో ఇనుప చక్రాలను ఉప్పునీళ్ళు తినేస్తున్నాయని, తట్టుకునే ఇనుముతో పోయగలరా అని పంపులు చేసే కంపెనీవాళ్ళు మా ఓనరు గారిని అడిగారు. ఆయన నన్ను పిలిచాడు.

"మనకి సేతనవుతాదా అమ్మా?"

"అవుతుంది సార్," అన్నాను. మరీ తొందరగా అనేశానేమో.

నికెల్, కొంచెం రాగి, ఇంకాస్త క్రోమియం కలిపి ఒక మిశ్రమం తయారుచేశాను. నా చేతుల మీదుగా మా ఫౌండ్రీలో పుట్టిన మొదటి కొత్త రకం ఇనుము అది. పోయాల్సింది ఇంపెల్లర్. అంటే పంపు లోపల గిరగిరా తిరుగుతూ నీళ్ళను బయటికి విసిరే చక్రం. దానికి వంపు తిరిగిన రెక్కలుంటాయి. ఆ రెక్కల అంచులు బాగా పలచన. ఇనుముకి అసలు పరీక్ష ఆ అంచుల దగ్గరే.

మొదట పోసినవి చక్కగా వచ్చాయి. ఓనరు గారు ఒకదాన్ని టేబుల్ మీద పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఇసుక దులిపి చూస్తే, ఒక రెక్క చివర ఎలుక కొరికినట్టుగా ఆగిపోయి ఉంది. అంచు పదునుగా లేదు, గుండ్రంగా ఉంది. ఇనుము అక్కడిదాకా వచ్చి, ఇక నడవలేక కూలబడిపోయింది. మర్నాడు ఇంకొన్ని అలాగే వచ్చాయి. వారం తిరిగేసరికి మంచివి తక్కువ, చెడ్డవి ఎక్కువ. చెడ్డవాటిని మళ్ళీ కొలిమిలో వేసి కరిగించేవాళ్ళం.

"నీ నికెలు ఇనుము మొద్దుదే అమ్మా," అన్నాడు మావ, రెక్క నిండని చక్రాన్ని బూటుతో తోస్తూ. "సల్దన్నం లాగ పోతన్నాది. మన పాత ఇనుము ఇలగ సేసినాదా ఎప్పుడైనా?"

నాకూ అదే అనుమానం. మిశ్రమం నాది కాబట్టి తప్పు నాదే అయ్యుండాలి. కార్బన్, సిలికాన్ పెంచితే ఇనుము ఇంకా బాగా పారుతుంది. పెంచాను. క్రోమియం ఎక్కువైతే కరిగిన ఇనుము మీద పాల మీగడలా పొర కడుతుంది, ధార ఆ పొరని తోసుకుంటూ పోవాల్సి వస్తుంది. అందుకని క్రోమియం తగ్గించాను. వేడి పెంచాను. దాంతో ఇసుక కాలి ఇనుముకి అంటుకుపోయింది తప్ప రెక్కలు నిండలేదు. ఫాస్ఫరస్ వేస్తే చీమ దూరే సందులోకైనా ఇనుము పోతుందని నాకు తెలుసు. కానీ అలా పోసింది గాజులా పెళుసెక్కుతుంది. అంత జోరుగా తిరిగే చక్రం పెళుసుగా ఉంటే ఇంక చెప్పేదేముంది!

ఓనరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం వచ్చి, దులిపిన పోతల ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క రెక్కనే వేలితో తడిమి లేచి వెళ్ళిపోయేవాడు. తిట్టినా బాగుండేది. రెండో కొలిమి పెట్టాలని ఆయన ఆశ. ఆ ఆశంతా ఈ చక్రాల మీదే ఉందని మా అందరికీ తెలుసు.

అప్పుడు చదువుకున్న రోజుల్లో చూసిన ఒక పరీక్ష గుర్తొచ్చింది. ఇసుకలో సన్నటి కాలవను చుట్టలు చుట్టలుగా తీస్తారు. మధ్యలోంచి ఇనుము పోస్తారు. అది ఆ కాలవలో చుట్లు తిరుగుతూ పోయి పోయి, చల్లారిన చోట ఆగిపోతుంది. ఎంత దూరం పోతే ఆ ఇనుముకి అంత పారే గుణం ఉన్నట్టు.

దానికి అచ్చు చేసిపెట్టమని కోర్లు చేసే అక్కని అడిగాను. వస్తువు లోపల ఖాళీ రావాలంటే అచ్చులో ఇసుకతో చేసిన ముద్ద ఒకటి పెట్టాలి. దాన్నే కోర్ అంటాం. ఆ పని చేసే ఆడవాళ్ళలో ఈమెది అందె వేసిన చెయ్యి. పొందూరులో నేతపని వాళ్ళింట పుట్టి, గరివిడికి కోడలిగా వచ్చింది. నేను కాగితం మీద గీసి చూపించగానే నవ్వింది.

"ఓలమ్మ, ఇది జంతిక కదేటి!"

ఆ రోజు నుంచి ఫౌండ్రీలో ఆ పరీక్షకి జంతిక అనే పేరు స్థిరపడిపోయింది.

రెండు అచ్చులు చేసింది. ఒకదానిలో మా పాత ఇనుము, రెండోదానిలో నా నికెల్ ఇనుము పోయాలని నా ఆలోచన. కానీ ఆ రోజు కొలిమిలో నికెల్ ఇనుము మాత్రమే ఉంది. సరే, రెండింట్లోనూ అదే పోసి చూద్దాం, రెండూ ఒకేలా వస్తే పరీక్ష నమ్మదగ్గదే అనుకుందాం అన్నాను. మావ మొదటి అచ్చు పోశాడు. ఇంతలో ఓనరు గారు గేటు దగ్గర నుంచి కేకేశాడు, ఇసుక లారీ వచ్చింది, మేస్త్రి వచ్చి ఇసుక చూడాలని. లాడిల్లో మిగిలింది గడ్డకట్టిపోతుందని మావ తన కాడని రెండో పోతగాడికి అప్పజెప్పి వెళ్ళాడు. అతను మావకి వరసకి అల్లుడు, నెమ్మదస్తుడు. మిగిలిన ఇనుమును అతనే రెండో అచ్చులో పోశాడు.

చల్లారాక అక్కా నేనూ కలిసి ఇసుక దులిపాం. మొదటి జంతిక రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. రెండోది దాదాపు చివరిదాకా వెళ్ళింది.

"ఇదేటి, ఇది పొట్టిది, ఇది పొడుగుది?" అంది అక్క.

నాకూ అర్థం కాలేదు. ఇనుము ఒకటే, లాడిల్ ఒకటే. పైగా రెండోది తర్వాత పోసింది కాబట్టి అప్పటికి కొంచెం చల్లారి ఉండాలి. పొట్టిగా రావాల్సింది అది. కానీ పొడుగ్గా వచ్చింది. ఒకదాని బదులు ఇంకోదాన్ని పట్టుకున్నామేమో అనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. తను మొదటి అచ్చు మీద మేకుతో గుర్తు పెట్టిందట, ఆ గుర్తు పొట్టిదాని అచ్చు పెట్టె మీదే ఉంది.

మర్నాడు మళ్ళీ రెండు అచ్చులు పెట్టించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఈసారి మావని రెండోది పొయ్యమన్నాను, అల్లుడిని మొదటిది. అల్లుడిది పొడుగ్గా వచ్చింది, మావది పొట్టిగా వచ్చింది. నా ఇనుము బాగానే పారుతోంది. సంతోషపడాలి నేను. కానీ నా చూపు పొట్టి జంతిక మీదే ఆగిపోయింది.

ఇన్నేళ్ళూ పోత జరుగుతుంటే నేను ఇనుమునే చూసేదాన్ని. ఆ తర్వాత పోతలో ఇనుమును వదిలేసి, మనిషిని చూశాను. మావ తల ఒక పక్కకి వాల్చాడు. లాడిల్ మూతిని అచ్చు నోటి చుట్టూ వెతికినట్టు కదిపాడు, ఇసుకకి తగిలించి ఆ తగులుతో చోటు గుర్తుపట్టాడు. అప్పుడు పోయడం మొదలుపెట్టాడు. ధార సన్నగా, భయం భయంగా పడింది. ఒలికిపోతుందేమోనని మధ్యలో తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. సన్నటి ధార దారిలోనే వేడి పోగొట్టుకుంటుంది. అచ్చులోకి దిగేసరికి దానిలో అంచుల దాకా వెళ్ళే ఓపిక ఉండదు. అన్నాళ్ళూ రెక్కలు నిండకపోవడానికి కారణం నా కళ్ళెదుటే ఉంది. పాత వస్తువులు దళసరివి కాబట్టి వాటిలో ఇది బయటపడలేదు.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది. నేను ఊరు వెళ్ళి వచ్చినప్పుడల్లా మా అమ్మ చేపల పులుసు గిన్నెడు కట్టి ఇచ్చేది. మావకి అదంటే ప్రాణం. ఈమధ్య మాత్రం, "వద్దే అమ్మా, పడతానేదు" అని తోసేస్తున్నాడు. వయసు మీద పడి కడుపు బాగుండటం లేదేమో అనుకున్నాను. కడుపు కాదు, ముళ్ళు కనబడటం లేదు.

ఓనరు గారికి చెప్పడం నా ఉద్యోగ ధర్మం. కానీ ముందు మావకి చెప్పకుండా ఆయన గదిలోకి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మావ ఇసుక గుట్ట నీడలో ఒక్కడే కూర్చుని ఉంటే, రెండు జంతికలూ చేతపట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మావా, నీకు కళ్ళు కనపడతన్నాయా?"

ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. సూసినాను."

"కనపడతాది," అన్నాడు. "దారీ తెన్నూ కనపడతాది. మనుసులు కనపడతారు. కానీ ఇనుము దగ్గరకి ఎల్లినానంటే, ఆ ఎలుగంతా సెదిరిపోయి పొగమంచు లాగ కమ్మేస్తాది. అచ్చు నోరు యాడున్నాదో తెలీదు. తడుముకోవాల." తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ, "ఎవలికైనా కాలుమీద పోసీస్తానేమోనని బయం. అందుకే మెల్లగ పోస్తన్నాను," అన్నాడు.

నేను రెండు జంతికలూ ఆయన ఒళ్ళో పెట్టాను. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి మధ్య నుంచి చుట్టూ నడిపించుకుంటూ పోయాడు. పొట్టిదాని చివర వేలు ఆగిపోయింది.

"ఇది నాదా?"

"అవును మావా."

"అయితే నీ ఇనుము మంచిదే." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నిన్ను ఊరకే ఆడిపోసుకున్నాను గదే."

ఎప్పట్నుంచి అని అడిగాను. రెండు వానాకాలాల నుంచి, ఈమధ్య మరీ ఎక్కువైందన్నాడు. మరి డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదంటే, కళ్ళు కోస్తారని భయమన్నాడు. కోశాక చూపు పోతే? ఇప్పుడున్న మసక చూపైనా మిగలకపోతే? పొలానికి గట్టు మీద ఎవరు నడిపిస్తారు? ఇవన్నీ లోలోపల తిప్పుకుంటూ రోజూ వచ్చి ఆ మంటల ముందు నిలబడుతున్నాడన్నమాట.

"ఓనరు బాబుకి సెప్పీకు," అన్నాడు.

"నువ్వే సెప్పు మావా. నేను పక్కనుంటాను."

మర్నాడు పొద్దున్న ఇద్దరం ఓనరు గారి గదిలోకి వెళ్ళాం. మావ నిలబడే చెప్పాడు. చెప్పడం పూర్తయ్యాక, "మీరు మానీమంటే మానెస్తాను బాబూ," అన్నాడు.

ఓనరు గారు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇలగ రా. నా కళ్ళల్లోకి సూడు. రెండూ కోయించినాను. పొద్దున్న ఎల్లినాను, మద్దేన్నానికి ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నీకు తెలుసునా?"

"తెలీదు బాబూ."

"అదే మరి. తెలీకుండా అయిపోతాది. ఎల్లు, కోయించుకో. కొలిమి యాడికీ పోదు."

మావ భార్యకి కబురు చెప్పడానికి ఆ సాయంత్రం నేను కూడా వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని నువ్వులు చెరుగుతోంది. విని ఆశ్చర్యపోతుందనుకున్నాను. చేట ఆపకుండానే, "ఇప్పుడికి ఒప్పుకున్నాడా?" అంది. ఆమెకి ఎప్పుడో తెలుసు. పొలం గట్టు మీద ఆయన కంటే ముందు తను నడుస్తూ, గొయ్యి వచ్చినచోట గాజులు గలగల్లాడిస్తూ దారి చూపిస్తోందట. ఆ సంగతి ఇద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

విజయనగరం కంటి ఆసుపత్రికి ముగ్గురం ప్యాసింజర్ బండిలో వెళ్ళాం. డాక్టరమ్మ మావ కళ్ళలోకి లైటు వేసి చూసి, ఏం పని చేస్తారని అడిగింది. ఇనుము పోస్తానన్నాడు. నల్లద్దాలు పెట్టుకుంటారా అంది. లేదన్నాడు. ఏళ్ళ తరబడి కొలిమి మంటలోకి చూసేవాళ్ళకి ఇలా కంటిపొరలు ముదరడం కొత్తేం కాదని, తీసేస్తే చూపు వస్తుందని చెప్పింది. ఆ మాట విని మావ కంటే నేనే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాను.

ముందు ఒక కన్ను చేశారు. కట్టు విప్పినప్పుడు మేమిద్దరం ఎదురుగా నిలబడ్డాం. మావ రెప్పలు కొట్టి కొట్టి, గోడ కేసి చూశాడు, ఫ్యాను చూశాడు, తర్వాత భార్య కేసి చూశాడు.

"ఒసే, నీ తల ఇంతలాగ నెరిసిపోనాదేటే!"

"నీకిప్పుడు కనపడినాదా," అంది ఆమె. గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

రెండో కన్ను కూడా చేసి, ఎండకీ మంటకీ వెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పేదాకా మావ ఇంటి దగ్గరే ఉన్నాడు. అప్పటిదాకా అల్లుడే పోశాడు. అతని చేతిలో రెక్కలు చాలావరకు నిండాయి గానీ అన్నీ నిండలేదు. అంటే తప్పంతా మావ చేతిదే కాదు. నా మిశ్రమంలోనూ, అచ్చు కట్టడంలోనూ కొంత ఉంది. అక్కా నేనూ జంతిక మీద జంతిక పోయిస్తూ కూర్చున్నాం. క్రోమియం తగ్గించింది మంచిపనేనని, వేడి మాత్రం నేను పెంచినంత అవసరం లేదని తేలింది. అక్క ఒక మాట అంది. "పడుగు దారం సన్నగుంటే తెగిపోతాది గదా, ఈ ఇనుమొచ్చే దారి కూడా ఇరుగ్గానే ఉన్నాది. ఇంకో పక్క నించి కూడా రానిస్తే?" నేనూ అదే లెక్క వేసుకుంటున్నాను కానీ, ఒకే దారిని వెడల్పు చేద్దామనుకున్నాను. రెండు దారులు పెట్టడం ఆమె ఆలోచన. పెట్టి చూశాం. ఇనుము రెండు పక్కల నుంచీ వచ్చి రెక్కల్లోకి దిగింది. చెడినవి చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేంతకి దిగాయి.

మావ తిరిగి వచ్చిన రోజు ఓనరు గారు అందరికీ నీలం అద్దాల కళ్ళజోళ్ళు తెప్పించి పెట్టాడు. కళ్ళజోడు లేనివాడు కొలిమి దగ్గరకి రాకూడదన్నాడు. కొందరు గొణిగారు. మావ తనది పెట్టుకుని అందరి వైపూ తిరిగాడు.

"పెట్టుకోండిరా. నా కత నాకు సాలు."

కొలిమి వంచారు. లాడిల్ నిండింది. మావ ముందు కళ్ళజోడు కొంచెం పైకెత్తి, ఒక్క చూపు చూశాడు. వెంటనే దించేశాడు.

"ఓర్నాయనో, ఇంత తెల్లగుంటాదేటి ఇది! మాసిన పసుపు రంగనుకున్నాను ఇన్నాళ్ళూ."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. కాడ పట్టుకుని మొదటి అచ్చు దగ్గర నిలబడ్డాడు. మూతిని దగ్గరగా తెచ్చాడు. ఈసారి వెతకలేదు. ఊపిరి బిగబట్టి మణికట్టు తిప్పాడు. ధార ఒకే లావున, నిండుగా దిగింది. బెజ్జంలోంచి ఇనుము తొంగిచూసింది. చెయ్యి వెనక్కి తిరిగింది. పక్క అచ్చుకి నడిచాడు.

సాయంత్రం ఇసుక దులిపినప్పుడు ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. ఒక్కొక్క చక్రమే బయటికి వచ్చింది. రెక్కల అంచులు చెయ్యి కోసుకునేంత పదునుగా ఉన్నాయి. ఓనరు గారు ఒకదాన్ని తాడుకి వేలాడదీసి సుత్తితో మెల్లగా కొట్టాడు. పగులు లేని పోత మోగినట్టుగా ఖంగుమని మోగింది. ఆయన మావ భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

తర్వాత కంటి డాక్టర్లు ఫౌండ్రీకే వచ్చి అందరినీ చూశారు. ఇంకొకరిద్దరికి పొరలు మొదలవుతున్నాయని చెప్పారు. వాళ్ళకి మావే ధైర్యం చెప్పి తీసుకెళ్ళాడు. కళ్ళు కోయించుకోవడం గురించి ఆయన చెబుతుంటే పెళ్ళికి వెళ్ళొచ్చిన కబుర్లు విన్నట్టుండేది. రెండో కొలిమి కూడా వచ్చింది, ఓనరు గారు అనుకున్నదానికంటే ఆలస్యంగానే అయినా.

రెండో కొలిమికి పోతగాళ్ళు చాలలేదు. ఓనరు గారు బయట నుంచి మనుషుల్ని తేవాలా అని ఆలోచిస్తుంటే, ఒకరోజు టీ దగ్గర కోర్ల అక్క మావని సూటిగా అడిగేసింది.

"నాకు నేర్పుతావా మావా?"

"ఏటి?"

"పోయడం. నేను కట్టిన అచ్చులో నేను పోసుకుంటే నాకు తెలుస్తాది గదా, అది ఎలగ నిండతాదో."

టీ తాగుతున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మా ఫౌండ్రీలో ఆడవాళ్ళు లాడిల్ పట్టడం అప్పటిదాకా లేదు. మావ ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వేటంటావు?"

"నాకూ నేర్పితే ఇద్దరం నేర్చుకుంటాం," అన్నాను. నోరు జారిందో, మనసులో ఉన్నదే బయటపడిందో ఇప్పటికీ తెలియదు.

ముందు కొన్నాళ్ళు చిన్న లాడిల్‌తో, నీళ్ళతోనే పోయించాడు. ఒలికితే ఒప్పుకునేవాడు కాదు, తెగితే అసలే ఒప్పుకునేవాడు కాదు. చేతులు పట్టేసి మా ఇద్దరికీ అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడం కష్టమయ్యేది. తర్వాత ఒక ఉదయం, నీలం అద్దాలు పెట్టించి, తోలు తొడుగులు వేయించి, నిజమైన ఇనుము చేతికిచ్చాడు.

ముందు అక్క పోసింది. నిండుగా పోసింది. పోశాక బెజ్జం కేసి ఒకసారి వంగి చూసింది. తర్వాత నా వంతు. చలిమంట ముందు కూర్చున్నట్టు మొహానికి వేడి కొట్టింది. లాడిల్ అనుకున్నదాని కంటే బరువు. మావ నా భుజం వెనక నిలబడి ఉన్నాడు. నాకు ఆయన గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"తిప్పు. ఇంకా. బయపడకు, ఆపకు. దానికి దారి తెలుసు, నువ్వు ఆపకుండా పొయ్యి, అంతే. పొయ్యి, పొయ్యి... సాలు!"

చెయ్యి వెనక్కి తిప్పాను. కొంచెం ఇసుక మీద ఒలికింది. చల్లారాక ఇసుక దులిపి చూస్తే అక్కది రెక్కరెక్కా నిండింది. నాదానికి ఒక్క రెక్క అంచు కాస్త అందలేదు. మావ దాన్ని వెలుగులో తిప్పి చూసి, చెడ్డవాటి కుప్పలోకి విసిరేశాడు.

"మద్దేన్నం ఇంకో పోత ఉన్నాది," అన్నాడు. "అన్నం తినీసి రండి."